సెల్లార్ పైకప్పుకు రాక్‌వూల్: ఏ శబ్దం ఆగుతుంది, ఏది ఆగదు

నెల్లూరు, ఒంగోలు పట్టణాల పాత ఇళ్లలో నేలమాళిగ దాదాపు కనిపించదు. భూగర్భజలం చాలాచోట్ల పైపైనే ఉండే తీరప్రాంతపు నేల, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వాన, ఈ రెండూ నేల కింద గది కట్టే ఆలోచనకు చోటివ్వలేదు. అపార్ట్‌మెంట్లు, షాపింగ్ కాంప్లెక్సులు, నర్సింగ్ హోములు పెరిగిన తరువాతే బండ్లు నిలుపుకోవడానికని సెల్లార్ వచ్చింది. బండ్ల వెంటే జనరేటర్, సంప్ మోటారు దిగాయి. కొన్నిచోట్ల జిమ్, డాన్స్ క్లాసు, ట్యూషన్ గది, హోమ్ థియేటర్ కూడా చేరాయి. నెల్లూరు పొగతోట వంటి ఆసుపత్రుల వీధిలో కింద జనరేటర్ తిరుగుతుంటే పైన రోగి నిద్రపోవాలి, ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క స్లాబే.

శబ్దం మీద ఫిర్యాదు మొదలవగానే వినిపించే సలహా కూడా ఒక్కటే: స్లాబ్ కింద రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పోగుల ఉన్ని) వేయించి ఫాల్స్ సీలింగ్ చేయిస్తే సరిపోతుందని. ఈ సలహాలో కొంత నిజం ఉంది. కానీ రాక్‌వూల్ ఏ పని చేస్తుందో, ఏ పని చేయలేదో తెలియకుండా వేయిస్తే, డబ్బు ఖర్చయి, సెల్లార్ ఎత్తు అర అడుగు తగ్గి, శబ్దం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. శబ్దాన్ని అడ్డుకునేది బరువు, గాలి చొరని అతుకు, గట్టి బంధం లేని వేలాడింపు. ఆ మూడూ ఉన్నచోట రాక్‌వూల్ వాటి పనిని మెరుగుపరుస్తుంది. అవి లేనిచోట అది ఒక్కటే శబ్దాన్ని అడ్డుకోలేదు.

ముందుగా ఈ సలహా పుట్టిన చోటు గురించి ఒక మాట చెప్పుకోవాలి. చలిదేశాల ఇళ్లలో నేలమాళిగ పైన ఉండేది చాలావరకు చెక్క నేల. అడుగున్నర దూరానికి ఒక దూలం, వాటిపైన పలకలు, దూలాల మధ్య ఖాళీ. ఆ ఖాళీ డోలులా మోగుతుంది కాబట్టి దాన్ని ఖనిజ ఉన్నితో నింపడం, కింద జిప్సం బోర్డు బిగించడం అక్కడి పద్ధతి. వీడియోల ద్వారా మన దగ్గరికి చేరిన సూచనలు చాలావరకు ఆ నేలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. మన స్లాబ్‌లో దూలాల మధ్య ఖాళీ అంటూ లేదు. అయిదు అంగుళాల ఆర్.సి.సి. స్లాబ్ అంటే 125 మిల్లీమీటర్ల మందం. కాంక్రీటు ఘనపు మీటరుకు 2,400 కిలోలకు తక్కువ తూగదు కాబట్టి ఆ స్లాబ్ చదరపు మీటరుకు కనీసం 300 కిలోలు ఉంటుంది. బజారులో మామూలుగా దొరికే 48 సాంద్రత (ఘనపు మీటరుకు 48 కిలోలు) గల రాక్‌వూల్‌ను 50 మిల్లీమీటర్ల మందాన వేస్తే చదరపు మీటరుకు చేరే బరువు 2.4 కిలోలు. అడ్డుగోడ బరువు రెట్టింపయితే దాన్ని దాటివచ్చే శబ్దం సుమారు 5 నుంచి 6 డెసిబెళ్లు తగ్గుతుందన్నది ధ్వనిశాస్త్రంలో మూల సూత్రం. 300 కిలోల మీద 2.4 కిలోలు చేరితే కలిగే తేడాను చెవి గుర్తించలేదు. అందుకే స్లాబ్ అడుగుకు నేరుగా అంటించిన రాక్‌వూల్ ఆ స్లాబ్ అడ్డుకునే శక్తిని ఏమంత పెంచదు.

ఈ లెక్క నుంచి ఇంకో ఉపయోగకరమైన సంగతి బయటపడుతుంది. రంధ్రాలు లేని 125 మిల్లీమీటర్ల స్లాబ్, గాలిలో ప్రయాణించే శబ్దాన్ని ఉన్నపాటునే 50 డెసిబెళ్ల దరిదాపుల్లో తగ్గిస్తుంది. మామూలు సంభాషణ మాట్లాడేవారికి ఒక మీటరు దూరంలో 60 డెసిబెళ్లు ఉంటుంది. అంటే కింద మాట్లాడుకునే మాటలు స్లాబ్ గుండా పైకి చేరేసరికి ఇంటిలోని ఫ్యాను చప్పుడులో కలిసిపోవాలి. అయినా పైవారికి మాటలు అర్థమయ్యేంతగా వినిపిస్తున్నాయంటే, ఆ మాటలు స్లాబ్‌ను దాటి రావడం లేదు. మెట్ల దారి నుంచో, వెంటిలేటర్ నుంచో, పైపుల సందు నుంచో వస్తున్నాయి. అలాంటప్పుడు పైకప్పుకు ఏం చేయించినా ప్రయోజనం ఉండదు. పనివారిని పిలవడానికి ముందే ఈ ఒక్క పరీక్ష చేసుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది: కింద రేడియో పెట్టి, పైన గది మధ్యలో, ఆపైన కిటికీ దగ్గర, బాత్‌రూమ్ పైపుల మూల దగ్గర, మెట్ల తలుపు దగ్గర నిలబడి ఎక్కడ గట్టిగా వినిపిస్తుందో చూడాలి.

ప్రతిధ్వని వేరు, దాటివచ్చే శబ్దం వేరు

రాక్‌వూల్ నిజంగా గొప్పగా చేసే పని ఒకటుంది. అది గదిలోని ప్రతిధ్వనిని మింగేస్తుంది. పేరుకు తగ్గట్టే అది రాయి. బసాల్టు వంటి నల్లని అగ్నిశిలలను, కొన్నిసార్లు ఇనుప కొలిమి చిట్టెంతో కలిపి, 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, వేగంగా తిరిగే చక్రాల మీద పోసి సన్నని పోగులుగా విసురుతారు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ పేరుతో తవ్వి ప్రపంచమంతటికీ పంపే రాయి కూడా, వ్యాపారంలో గ్రానైట్ అని పిలిచినా, భూగర్భశాస్త్రం ప్రకారం గాబ్రో జాతిది. కరిగిన రాతిద్రవం పైకి వచ్చి త్వరగా చల్లారితే బసాల్టు, లోపలే నెమ్మదిగా చల్లారితే గాబ్రో. అంత గట్టి రాయి పోగులుగా మారాక వాటి మధ్య అంతా గాలే ఉంటుంది. శబ్దతరంగం ఆ సందుల్లోకి చొరబడి, పోగులకు రాసుకుని, తన శక్తిని సూక్ష్మమైన వేడిగా పోగొట్టుకుంటుంది.

ఒక సెల్లార్ గదిని తీసుకుందాం. పొడవు 6 మీటర్లు, వెడల్పు 5, ఎత్తు 2.7. సిమెంటు పూసిన గోడలు, టైల్స్ నేల, వట్టి స్లాబ్. ఇలాంటి గట్టి ఉపరితలాలు తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులు మాత్రమే పీల్చుకుంటాయనుకుంటే, ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టే సేబిన్ సూత్రం ప్రకారం ఆ ఖాళీ గదిలో ఒక చప్పట ధ్వని పూర్తిగా అణగడానికి మూడున్నర సెకన్లకు పైగా పడుతుంది. అలాంటి గదిలో పాఠం చెబితే ఒక మాట ఇంకా మోగుతుండగానే తరువాతి మాట దాని మీద పడుతుంది; వెనక బెంచీ పిల్లలకు శబ్దం వినిపిస్తుంది గానీ పాఠం వినిపించదు. అదే గది పైకప్పు మొత్తాన్ని 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్‌తో, దాని ముందు రంధ్రాల పలకతోనో పలుచని గుడ్డతోనో కప్పితే ఆ కాలం అర సెకను కన్నా తక్కువకు దిగుతుంది. గదిలో మనుషులు, సామాను చేరితే మొదటి అంకె ఇంత ఎక్కువ ఉండదు, తేడా కూడా ఇంత పెద్దగా కనిపించదు, కానీ చెవికి స్పష్టంగా తెలిసేంత మార్పు తప్పక ఉంటుంది. గదిలోని శబ్దస్థాయి అయిదారు డెసిబెళ్లు తగ్గుతుంది కాబట్టి పై అంతస్తుకు చేరేది కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఆ లాభం అంతవరకే. ట్యూషన్ గదికి, ధ్యాన మందిరానికి, చిన్న సమావేశ గదికి ఇది చాలు. అక్కడ బోర్డు వెనక రాక్‌వూల్ దాచడం కన్నా దాన్ని గది వైపు తెరిచి ఉంచడమే సరైన పని. డ్రమ్ములు వాయించే గదికి, సినిమా చూసే గదికి ఇది చాలదు.

థర్మోకోల్ గురించి ఇక్కడే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే తక్కువ ఖర్చులో అదే పని చేస్తుందని నమ్మి అంటించేవారు ఇంకా ఉన్నారు. దానిలోని గాలి బుడగలు మూసుకుని ఉంటాయి. శబ్దతరంగం లోపలికి పోయే దారి లేదు కాబట్టి అది ప్రతిధ్వనిని మింగదు, బరువు లేదు కాబట్టి శబ్దాన్ని ఆపదు, పైగా మండుతుంది. స్లాబ్‌కు థర్మోకోల్ అంటించి దానిపై ప్లాస్టరింగ్ చేయిస్తే కొన్ని స్థాయిల శబ్దం మునుపటి కన్నా ఎక్కువగా దాటే ప్రమాదం కూడా ఉంది. కోడిగుడ్ల అట్టలు కూడా శబ్దాన్ని ఆపడానికి పనికిరావు. గుంటలు గుంటలుగా ఉండే ఫోమ్ షీట్లు సన్నని కీచు శబ్దాల ప్రతిధ్వనిని కొంత తగ్గిస్తాయి, కానీ మంట తగిలితే వాటి పొగ ప్రాణం తీస్తుంది. బయటికి ఒకే మెట్ల దారి ఉండే సెల్లార్‌లో వాటిని వాడకూడదు.

రెండు బరువులు, మధ్యలో మెత్తని గాలి

దాటివచ్చే శబ్దాన్ని నిజంగా తగ్గించాలంటే స్లాబ్ కింద రెండో బరువైన పొర కావాలి, ఆ పొర స్లాబ్‌కు గట్టిగా అంటుకుని ఉండకూడదు. 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు చదరపు మీటరుకు 9 కిలోల దాకా ఉంటుంది. రెండు పొరలయితే 18. స్లాబ్, బోర్డు రెండు బరువులయితే వాటి మధ్య బంధించిన గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. ఈ అమరికకు తనదైన ఒక కంపన స్థాయి, అంటే సెకనుకు ఇన్నిసార్లు కంపించే గుణం, ఉంటుంది. ఆ స్థాయి కన్నా బాగా పైన ఉన్న శబ్దాలన్నీ గణనీయంగా తగ్గుతాయి. ఆ స్థాయి దగ్గర ఉన్నవి తగ్గకపోగా కొంత పెరుగుతాయి. కింద ఉన్నవి ఏ మార్పూ లేకుండా దాటిపోతాయి. అందువల్ల ఆ కంపన స్థాయిని ఎంత కిందికి దించగలిగితే పైకప్పు అంత బాగా పనిచేస్తుంది. దించే ముఖ్య మార్గాలు రెండు: బోర్డు బరువు పెంచడం, ఖాళీ లోతు పెంచడం.

అంకెల్లో చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. స్లాబ్‌కు 25 మిల్లీమీటర్ల దూరంలో ఒక్క పొర బోర్డు బిగిస్తే కంపన స్థాయి 128 హెర్ట్జ్ (సెకనుకు 128 కంపనాలు) దగ్గర పడుతుంది. పాటల్లోని బేస్ గిటార్, మగవారి గొంతులోని గంభీరమైన భాగం, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్ మనే 100 హెర్ట్జ్ శబ్దం, అన్నీ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. కనుక ఎత్తు పోతుందని భయపడి స్లాబ్‌కు ఆనించి చేయించిన పలుచని ఫాల్స్ సీలింగ్, తగ్గించాల్సిన శబ్దాన్నే మరింత మోగించవచ్చు. అదే రెండు పొరల బోర్డును 100 మిల్లీమీటర్ల ఖాళీతో వేలాడదీస్తే కంపన స్థాయి 46 హెర్ట్జ్‌కు దిగుతుంది. ఆ ఖాళీలో రాక్‌వూల్ వేస్తే ఇంకొంచెం కిందికి పోతుంది. రాక్‌వూల్ అసలు ప్రయోజనం ఇక్కడే: ఆ ఖాళీలో శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటూ పెరగకుండా అది అణచివేస్తుంది. ఖాళీ మొత్తం నింపనవసరం లేదు, సగానికి పైగా నిండితే చాలు. నొక్కి కుక్కితే మాత్రం చెడుతుంది, ఎందుకంటే బిగువుగా కుక్కిన ఉన్ని స్లాబ్‌నూ బోర్డునూ కలిపే గట్టి వంతెన అవుతుంది. ఈ కారణం వల్లనే 96 లేక 144 సాంద్రత గల ఖరీదైన పలకలు ఈ పనికి అక్కరలేదు, 48 సరిపోతుంది. సాంద్రత పెరిగితే శబ్దం ఎక్కువ ఆగుతుందన్న నమ్మకం అంగడివారిలోనూ కొనేవారిలోనూ ఉంది కానీ, ఖాళీలో వేసే ఉన్ని విషయంలో అది నిజం కాదు. ఏ సాంద్రతదైనా భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 8183 ముద్ర ఉన్నదే తీసుకోవడం మేలు.

ఇలా సరిగా చేసిన పైకప్పు వల్ల గాలిలో వచ్చే శబ్దం 10 నుంచి 15 డెసిబెళ్ల వరకు తగ్గవచ్చు. 10 డెసిబెళ్లు తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు తోస్తుంది కాబట్టి ఇది చిన్న మెరుగుదల కాదు. కానీ 'సరిగా' అన్న మాట మీదే అంతా ఆధారపడి ఉంది, మన ప్రాంతంలో పని తప్పేది కూడా అక్కడే. మామూలు ఫాల్స్ సీలింగ్ పనిలో స్లాబ్‌కు రంధ్రం వేసి, క్లీట్ (చిన్న ఇనుప బిళ్ల) బిగించి, దానికి జి.ఐ. (జింకు పూత ఇనుము) పట్టీ తగిలించి, ఆ పట్టీకి బోర్డును మోసే ఛానెల్‌ను స్క్రూలతో బిగిస్తారు. అందం కోసం చేసే సీలింగ్‌కు ఇందులో లోపమేమీ లేదు. శబ్దం కోసం చేసే సీలింగ్‌లో ఆ ప్రతి పట్టీ ఒక దారి. స్లాబ్ కంపనం ఇనుము గుండా నేరుగా బోర్డుకు, బోర్డు కంపనం స్లాబ్‌కు చేరుతుంది. పట్టీల బదులు రబ్బరు లేక స్ప్రింగు ఉన్న హ్యాంగర్లు వాడాలి. బోర్డు అంచు గోడకు తగలకుండా చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు వదిలి, గట్టిపడని సీలెంట్‌తో నింపాలి; పుట్టీతో నింపితే అది ఎండి గట్టిపడుతుంది, కొన్నాళ్లకు పగులుతుంది. రెండో పొర బోర్డు అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకుండా జరపాలి. ఈ పనులేవీ కష్టమైనవి కావు, అయితే పని జరిగేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండి చూడకపోతే అలవాటు పద్ధతిలోనే పూర్తవుతాయి, బోర్డు మూసేశాక లోపల ఏం జరిగిందో ఎవరూ చూడలేరు.

ఇంత శ్రమపడి చేసిన పైకప్పుకు ఆపైన లైట్ల కోసం రంధ్రాలు కోస్తే ఏమవుతుంది? ఏ అడ్డుగోడలోనైనా వెయ్యో వంతు వైశాల్యం తెరిచి ఉంటే, మిగతాదంతా ఎంత గట్టిదైనా, ఆ గోడ మొత్తం మీద ఆపగలిగేది 30 డెసిబెళ్లే. 30 చదరపు మీటర్ల పైకప్పులో వెయ్యో వంతు అంటే ఒక్కో వైపు సుమారు ఏడు అంగుళాలున్న చదరపు రంధ్రం. పది డౌన్‌లైట్లు పెడితే బోర్డు పొరలో తెరుచుకునే చోటు అంతకన్నా ఎక్కువే. స్లాబ్ ఉండనే ఉంది కాబట్టి మొత్తం వ్యవస్థ 30కి పడిపోదు, కానీ కొత్తగా చేర్చిన పొర వల్ల రావలసిన లాభం చాలావరకు పోతుంది. లైట్లను బోర్డుకు కింద తగిలించుకోవడమే మేలు.

జనరేటర్, మోటారు, రోకలి

ఇప్పుడు అసలు బాధితుల సంగతి. పై అంతస్తువారు ఫిర్యాదు చేసే శబ్దాల్లో చాలా భాగం గాలిలో వచ్చేవి కావు. డీజిల్ జనరేటర్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 25. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో మూడు సిలిండర్లుంటే సెకనుకు ముప్పై ఏడున్నర సార్లు, నాలుగుంటే 50 సార్లు లోపల ఇంధనం మండుతుంది. పైన చెప్పిన లెక్కలో అత్యుత్తమంగా చేసిన పైకప్పు కంపన స్థాయి 46 హెర్ట్జ్. జనరేటర్ మూల శబ్దం సరిగ్గా అక్కడే, లేదా అంతకన్నా కింద ఉంది. కాబట్టి జనరేటర్ గది పైకప్పుకు ఎంత రాక్‌వూల్ వేసినా దాని చిటపటలు తగ్గుతాయి గానీ, మంచం కోళ్ల గుండా శరీరానికి తగిలే ఆ గుమ్మనే మోత తగ్గదు.

ఆ మోత నేల గుండా, పిల్లర్ల గుండా ఎక్కుతుంది. దాన్ని ఆపవలసింది ఇంజిన్ కాళ్ల దగ్గర. కింద వేసే రబ్బరు లేక స్ప్రింగు మౌంట్లు జనరేటర్ బరువుకు తగినంత కుంగాలి. సెకనుకు 25 చుట్ల కంపనాన్ని చాలావరకు తుంచేయాలంటే ఆ కుంగుబాటు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలి. బరువు మోపినా కుంగని గట్టి రబ్బరు ముక్క పెట్టి సరిపుచ్చితే అది ఉన్నా లేనట్టే. పొగగొట్టానికి మధ్యలో వంగే ముడతల గొట్టం (బెలోస్) ఉండాలి, గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపులకు కూడా రబ్బరు ఉండాలి, లేకపోతే మౌంట్లు ఆపిన కంపనం గొట్టం గుండా గోడకెక్కుతుంది. 2005 జనవరి నుంచి తయారైన 1,000 కె.వి.ఎ. సామర్థ్యం లోపు జనరేటర్లకు శబ్దం తగ్గించే పెట్టె తప్పనిసరి, దాని నుంచి ఒక మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెళ్లు మించకూడదు. ఆ పెట్టె తలుపులు వేడి పోవడానికని తెరిచి ఉంచి నడిపితే ఆ నియమానికి అర్థం లేదు. గాలి ఆడటం లేదనిపిస్తే గాలి దారిని పెంచాలి. శబ్దం కోసమని జనరేటర్ గదిని బిగించి మూసేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు: వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషికి తెలియకుండానే చంపుతుంది. పొగగొట్టం భవనం పైదాకా పోవాలి, గదికి లోపలికి వచ్చే గాలికీ బయటికి పోయే గాలికీ వేర్వేరు దారులుండాలి.

సంప్ మోటారుదీ ఇదే కథ. తెల్లవారుజామున మోటారు వేయగానే నాలుగో అంతస్తు పడకగది గోడ కూడా మోగుతుందంటే, సెకనుకు 48 చుట్లు తిరిగే ఆ చిన్న మోటారు తన కంపనాన్ని పైపు ద్వారా భవనమంతటికీ పంచుతోందన్నమాట. పైపుకు మోటారు దగ్గరే ఒక రబ్బరు కనెక్టర్ వేసి, గోడ క్లాంపుల్లో రబ్బరు పట్టీ పెట్టిస్తే పోయే శబ్దానికి పైకప్పు మొత్తం మార్చనవసరం లేదు.

పై నుంచి కిందికి వచ్చే శబ్దం దీనికి తిరగబడిన సమస్య. పై పోర్షన్‌లో కుర్చీ ఈడ్చినా, రోకలితో దంచినా, పిల్లలు గెంతినా కింద గదిలో గుండెల మీద పడ్డట్టు ఉంటుంది. స్లాబ్ బరువు ఇక్కడ కాపాడదు, ఎందుకంటే దెబ్బ నేరుగా స్లాబ్ మీదే పడుతోంది. దాని మీద గ్రానైట్, విట్రిఫైడ్ టైల్స్ ఉండటంతో మెత్తదనం అన్నది ఎక్కడా లేదు. కింద వేలాడదీసిన పైకప్పు దీన్ని కొంత తగ్గిస్తుంది. కానీ దెబ్బ స్లాబ్ నుంచి బీములకు, గోడలకు పాకి, గోడల నుంచి గదిలోకి వస్తుంది. పైకప్పు ఆ దారిని మూయలేదు. అదే పై నేల మీద టైల్స్ వేసే రోజునే వాటి కింద అయిదు మిల్లీమీటర్ల రబ్బరు పొర వేస్తే, సుమారు 15 నుంచి 20 డెసిబెళ్లు పుట్టిన చోటే పోతాయి. కట్టేటప్పుడు ఆ పొరకయ్యే ఖర్చు, కట్టాక కింద చేయించే పైకప్పుతో పోలిస్తే చాలా తక్కువ. ఇళ్లు కట్టించుకునేవారు స్లాబ్ ఇనుము గురించి అడిగినంత శ్రద్ధగా ఈ పొర గురించి కూడా అడగాలి. కట్టేసిన ఇంట్లో అయితే కుర్చీ కాళ్లకు రబ్బరు టోపీలు, రోలు కింద మందపాటి గోనె లేక రబ్బరు చాప, నడిచే దారిలో తివాచీ పెట్టమని పైవారిని మర్యాదగా కోరడం రాక్‌వూల్ కన్నా ముందు చేయవలసిన పని. జిమ్‌లో బరువులు కింద పడేసే శబ్దానికి కూడా మందు నేల మీదే ఉంది, పైకప్పులో లేదు.

చెమ్మ, మంట, ఊపిరి

ఈ జిల్లాల్లో సెల్లార్ పైకప్పుకు ఉన్న పెద్ద శత్రువు నీరు. 2015, 2021 నవంబరు వానలు, 2023 డిసెంబరు మొదటి వారపు మిచాంగ్ తుపాను నెల్లూరు ప్రాంతాన్ని ఎంత ముంచాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. సెల్లార్‌లోకి నీరు రాకపోయినా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా లోపలి గాలి చెమ్మగానే ఉంటుంది. రాక్‌వూల్ పోగులు నీటిని పీల్చవు గానీ పోగుల మధ్య సందుల్లో నీరు నిలుస్తుంది. తడిసిన ఉన్ని బరువెక్కి జారుతుంది, శబ్దాన్ని మింగే శక్తి పోగొట్టుకుంటుంది. మామూలు జిప్సం బోర్డు చెమ్మకు ఉబ్బి బూజు పడుతుంది, దాని కాగితానికి చెదలు కూడా పట్టవచ్చు. అందువల్ల తీరప్రాంతపు సెల్లార్‌లో ఫైబర్ సిమెంటు బోర్డు మెరుగైన ఎంపిక. 10 మిల్లీమీటర్ల బోర్డు జిప్సం కన్నా బరువైనది కూడా కాబట్టి శబ్దానికీ మంచిదే. చెక్క రీపర్లు వద్దు. ఛానెళ్లకు జింకు పూత మందంగా ఉన్నవి తీసుకోవాలి, ఉప్పుగాలి పలుచని పూతను త్వరగా తినేస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది పైనున్న బాత్‌రూమ్. స్లాబ్‌ను దించి కట్టిన భాగంలోంచి వచ్చే పైపులు సెల్లార్ పైకప్పు కిందే వేలాడుతుంటాయి. ఆ పైపు స్లాబ్‌ను దాటే చోట చుట్టూ మిగిలిన సందే మాటలు దాటే దారి, నీరు కారే దారి కూడా. పైకప్పు మూసే ముందు పై బాత్‌రూమ్ నేలలో ఒక రోజంతా నీరు నిలిపి కింద తేమ వస్తుందేమో చూడాలి. సందును సిమెంటుతోనూ సీలెంట్‌తోనూ పూడ్చాలి. పైపుకు రాక్‌వూల్ చుట్టి దాని పైన బరువైన రబ్బరు షీటు చుడితే నీళ్లు జారే చప్పుడు తగ్గుతుంది.

మంట విషయంలో రాక్‌వూల్ నమ్మదగినది. దాని పోగులు 1,000 డిగ్రీలు దాటాక గానీ కరగవు. గ్లాస్‌వూల్ కూడా మండదు, కానీ అంతకన్నా తక్కువ వేడికే మెత్తబడుతుంది. ఊపిరితిత్తులకు హాని చేస్తుందేమోనన్న భయానికి జవాబు ఉంది: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో ఈ ఉన్నిని అనుమానిత పదార్థాల జాబితాలో ఉంచి, 2001లో మళ్లీ పరిశీలించి, క్యాన్సర్ కారకమని వర్గీకరించడానికి ఆధారాలు చాలవని ఆ జాబితా నుంచి తీసేసింది. రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, పూర్తిగా వేరే పదార్థం. దాని హాని నిర్ధారితమైనది. అయినా రాక్‌వూల్ కోసేటప్పుడు రాలే పోగులు చర్మానికి దురద, కళ్లకు మంట, గొంతుకు గరగర కలిగిస్తాయి. పనివారికి మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా ఇవ్వడం పని చేయించేవారి బాధ్యత. చెమట పట్టే ఎండాకాలంలో చొక్కా విప్పి ఉన్ని పలకలు మోసే కూలీలకు ఆ దురద రోజుల తరబడి వదలదు.

ఇక సెల్లార్‌ను దేనికి వాడుతున్నారన్న ప్రశ్న. భవన నిబంధనలు సెల్లార్‌ను ప్రధానంగా వాహనాల కోసమే అనుమతిస్తాయి. 2024 జులై 27న ఢిల్లీ రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ నేలమాళిగలోకి వాననీరు ఒక్కసారిగా చొరబడి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. నెల్లూరు వానలు తెలిసినవారు ఆ సంఘటనను దూరపు వార్తగా చూడలేరు. పిల్లలను కూర్చోబెట్టే గదికి శబ్దం కన్నా ముందు రెండో దారి, నీరు తోడే ఏర్పాటు, గాలి ఉన్నాయో లేదో చూడాలి. అవి లేకపోతే ఆ గదికి ఎంత మంచి పైకప్పు చేయించినా అక్కడ తరగతి నడపకూడదు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెళ్లు మించకూడదని, ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్ల దూరాన్ని నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చని, అక్కడ రాత్రి హద్దు 40 అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఈ అంకెలు ఇంటి బయట కొలిచే శబ్దానికి సంబంధించినవి. ఒక ఫ్లాటు కింద నుంచి స్లాబ్ ద్వారా వచ్చే కంపనం ఆ కొలతలో సరిగా పట్టుబడదు, ముఖ్యంగా ఆ కొలత చెవికి తక్కువగా వినిపించే కింది స్థాయిలను తగ్గించి లెక్కిస్తుంది కాబట్టి. అందుకే శబ్దం కొలిచే మీటరు సరేనన్నా పైవారికి నిద్ర పట్టకపోవడం అబద్ధం కాదు, అలాంటి ఫిర్యాదును అపార్ట్‌మెంట్ సంఘాలు తేలిగ్గా తీసుకోకూడదు.

పని ఒప్పుకునే ముందు కాగితం మీద రాయించుకోవలసినవి ఇవే: ఖాళీ లోతు, బోర్డు పొరల సంఖ్య, హ్యాంగర్ రకం, ఉన్ని మందం, సీలెంట్ రకం. బోర్డు మూసే ముందు ఒకసారి పిలిచి చూపించాలన్న షరతు కూడా అందులో ఉండాలి. బాత్‌రూమ్ పైపుల కింద, వాల్వుల కింద రబ్బరు అంచుతో బిగువుగా మూసుకునే తలుపులు పెట్టించి, ప్రతి ఏడూ వానలు వెలిశాక, జనవరిలో వాటిని తెరిచి చేయి పెట్టి ఉన్ని పొడిగా ఉందో లేదో చూసుకోవాలి; తడిసిన పలకను ఆరబెట్టి తిరిగి వేయకుండా, కారుతున్న చోటును ముందు బాగుచేయించి, ఆ పలకను మార్చేయాలి.